బోయ, బలం 16, తెలివి 8

మూడు నెలల కిందట ఒక ఆదివారం మధ్యాహ్నం, హైదరాబాద్‌లో మా అద్దె ఫ్లాట్‌లో అయిదుగురం డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడటానికి కూర్చున్నాం. ఆట మాకు కొత్త కాదు, తెలుగులో ఆడటం కొత్త. కథ నడిపేది నేనే కాబట్టి వారం ముందు నుంచీ క్యారెక్టర్ షీట్లన్నీ తెలుగులో తయారుచేశాను. పన్నెండు క్లాసులకు పన్నెండు తెలుగు పేర్లు వెతుకుతూ రాత్రుళ్ళు నిఘంటువులు తిరగేశాను. రేంజర్ దగ్గరకు వచ్చేసరికి మాత్రం వెతకాల్సిన పనే పడలేదు. అడవి తెలిసినవాడు, జాడ పట్టేవాడు, చేతిలో విల్లు. "బోయ" అని రాసేశాను. కాళహస్తి తిన్నడు గుర్తొచ్చాడు. ఎంత బాగా కుదిరిందో అని మురిసిపోయాను కూడా.

ఆ షీటు కర్నూలు మిత్రుడి చేతికి వెళ్ళింది. కాసేపు చూశాడు. "బోయ అని ఎందుకు పెట్టినావని అడగనులే. తెలివి ఎనిమిదెందుకు ఏసినావు, అది చెప్పు" అన్నాడు.

నేను నియమాలు ఎత్తుకున్నాను. ఈ ఆటలో ప్రతి పాత్రకూ ఆరు అంకెలుంటాయి: బలం, చురుకు, ఓర్పు, తెలివి, వివేకం, ఆకర్షణ. పాచికలు వేసి తెచ్చుకోవడం ఇష్టం లేకపోతే 15, 14, 13, 12, 10, 8 అని ఒక సిద్ధమైన వరస ఉంటుంది, దాన్ని ఆరింటికీ పంచుకోవాలి. పైన ఒకటో రెండో కలుస్తాయి. అంటే ఎవరికైనా ఎక్కడో ఒకచోట 8 తప్పదు. ఇదంతా చెప్పుకొచ్చాను. ఓపిగ్గా విని, "మా నాయిన లెక్కల సారు. మా సర్టిఫికెట్లో ఉండే మాట ఇదే కదబ్బా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆ రోజు ఆట ఆగలేదు, బాగానే సాగింది.

రాత్రి అందరూ వెళ్ళాక మిగిలిన షీట్లు మళ్ళీ చూశాను. పుస్తకాలు చదివే మాంత్రికుడికి 8ని బలం దగ్గర పెట్టాను. బోయకు తెలివి దగ్గర పెట్టాను. అక్కడే పెట్టమని ఏ నియమమూ చెప్పలేదు. పేరు రాశాక, కింద ఏ అంకె ఎక్కడ ఉండాలో నా చేతికి ముందే తెలిసిపోయింది. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు కాస్త ఆలస్యంగా ఇస్తున్న జవాబు.

ఈ ఆట తెలియనివాళ్ళకు నాలుగు మాటలు. టేబుల్ చుట్టూ కూర్చుని, మాటలతో కథ చెప్పుకుంటూ, పాచికలతో గెలుపోటములు తేల్చుకునే ఆట ఇది. ఆడే ప్రతి మనిషికీ ఒక పాత్ర. ఆ పాత్ర ఏం చెయ్యగలదో చెప్పేది క్లాస్. నవలాకారుడు ఒక మనిషిని పరిచయం చెయ్యడానికి పది పేజీలు తీసుకోవచ్చు. ఇక్కడ ఒక్క మాటే ఉంటుంది. కొత్తగా వచ్చిన ఆటగాడు పుస్తకం మొత్తం చదవడు, క్లాసుల జాబితా చూసి వేలు పెట్టి "నేను ఇది" అంటాడు. అందుకే నా దృష్టిలో ఈ ఆటల పుస్తకాల్లో అన్నిటికంటే జాగ్రత్తగా చదవాల్సిన సాహిత్యం ఆ జాబితానే.

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అమెరికాలో ఈ ఆటను తెచ్చినప్పుడు క్లాసులు మూడే: ఫైటింగ్-మాన్, మ్యాజిక్-యూజర్, క్లెరిక్. మొదటి రెండు పేర్లలో కవిత్వం ఏమీ లేదు. పోరాడే మనిషి, మాయను వాడే మనిషి, అంతే. బొమ్మలతో యుద్ధాలాడే వార్‌గేమ్‌ల నుంచి పుట్టిన ఆట కాబట్టి పేర్లూ అలాగే ఉన్నాయి: ఈ బొమ్మ ఏం చేస్తుంది అన్నంతవరకే. ఇన్నేళ్ళూ ఆ పేర్లు పేలవంగా ఉన్నాయనే అనుకునేవాడిని. ఇప్పుడు వాటిలో ఒక నిజాయితీ కనిపిస్తోంది. మ్యాజిక్-యూజర్ అన్న మాట వినగానే ఆ మనిషి ఎక్కడ పుట్టాడు, ఎవరింట్లో పుట్టాడు, చదువొచ్చా రాదా అన్న ఊహలేవీ రావు. ఆ పేరు చేసే పనిని మాత్రమే చెబుతుంది.

క్లెరిక్ అలా కాదు. అది చర్చి ఇచ్చిన మాట. ఆ మొదటి పుస్తకాల్లో లెవెల్ పెరిగేకొద్దీ బిరుదు కూడా మారేది. క్లెరిక్ అకొలైట్‌గా మొదలై విలేజ్ ప్రీస్ట్ అవుతాడు, బిషప్ అవుతాడు, ఆ మీది మెట్టు ఎక్కితే లామా, చివరికి పేట్రియార్క్. బిషప్ మీద లామా ఎలా వచ్చి కూర్చున్నాడో అడిగినవాళ్ళు ఉన్నట్టు లేదు. చాలాకాలం నాకది సరదాగా ఉండేది. సరదా ఎందుకంటే ఆ లామా నాకు ఎవరూ కాడు. టిబెట్‌లో పుట్టినవాడు ఆ వరస చదివితే నాలా నవ్వి పక్కన పెడతాడా అని బోయ సంగతి జరిగాకే ఆలోచించాను.

తర్వాతి రెండేళ్ళలో జాబితా పెరిగింది. 1975లో థీఫ్, పాలడిన్, మాంక్, అసాసిన్, రేంజర్. 1976లో డ్రూయిడ్, బార్డ్. ఇక్కడ పేర్ల స్వభావం మారిపోయింది. "ఏం చేస్తావు" నుంచి "ఎవరు నువ్వు" వైపు జరిగాయి. పాలడిన్ అంటే షార్లమేన్ కొలువులోని వీరుల పేరు. డ్రూయిడ్ అంటే సీజర్ తన యుద్ధాల గురించి రాస్తూ వర్ణించిన కెల్టు పురోహితుడు. అసాసిన్ అన్న మాట ఇరాన్, సిరియా కొండకోటల్లో ఉన్న ఇస్మాయిలీ ముస్లిముల మీద శత్రువులు వేసిన పేరు నుంచి వచ్చింది.

ఇలాంటి పేర్లు ఊరికే ఉండవు, నియమాలు రాయిస్తాయి. 1978 పుస్తకంలో అసాసిన్ చెడ్డవాడై తీరాలి. పాలడిన్ మంచివాడై తీరాలి, తప్పితే శక్తులు పోతాయి. అన్నిటికంటే పెద్ద ఉదాహరణ బార్బేరియన్. ఎదుటివాడి భాష తమకు అర్థంకాక "బర్ బర్" అని వినిపించిందని గ్రీకులు పెట్టిన పేరది. అది ఒక తెగ కాదు, వృత్తీ కాదు, పక్కవాడి చెవిలోని లోపం. 2000లో వచ్చిన మూడో ఎడిషన్‌లో అది మూల క్లాసుల్లో చేరింది. ఆ పుస్తకంలో అన్ని క్లాసులవాళ్ళకూ చదవడం, రాయడం వచ్చినట్టే లెక్క. ఒక్క బార్బేరియన్‌కు రాదు. కావాలంటే నైపుణ్యాల కోసం ఇచ్చే పాయింట్లలో రెండు ఖర్చుపెట్టి నేర్చుకోవాలి. దొంగకు చదువొచ్చు, పోరాడేవాడికి చదువొచ్చు, కోపం ఎక్కువున్నవాడికి రాదు! కోపానికీ అక్షరానికీ ఏమిటి సంబంధం? కోపంతో పోరాడటం క్లాసు పని. చదువు రాకపోవడం పేరు తెచ్చిపెట్టిన కట్నం. గ్రీకులు వేసిన నింద రెండున్నర వేల ఏళ్ళ తర్వాత అమెరికాలో ఒక ఆట నియమంగా అచ్చయింది. నేను బోయ కింద 8 వేసిందీ సరిగ్గా ఇదే పద్ధతిలో.

థీఫ్ పేరు కూడా ఆ 2000లోనే మారి రోగ్ అయ్యింది. మార్పు వెనక ఆలోచన అర్థమవుతుంది. ఆ క్లాసు తీసుకున్న ప్రతివాడూ దొంగతనమే చెయ్యక్కర్లేదు. గూఢచారి కావచ్చు, ఉచ్చులు విప్పే నిపుణుడు కావచ్చు. ఇవాళ ఇంగ్లీషులో రోగ్ అంటే కాస్త చిలిపితనం, కాస్త తెగువ. కానీ 16వ శతాబ్దపు ఇంగ్లండ్ చట్టాల్లో అదే మాట ఇల్లూ పనీ లేక ఊళ్ళు తిరిగేవాళ్ళను పట్టుకుని కొరడాలతో కొట్టడానికి వాడింది. ఇంగ్లీషులో ఆ గాయం మాని, మచ్చ కూడా మాసిపోయింది.

మన దగ్గర మానలేదు. దొంగ అనే మాటతో తెలుగు సినిమాకు ఎప్పుడూ పేచీ లేదు. 1955లో దొంగరాముడు, 1985లో దొంగ, 1990లో కొండవీటి దొంగ. హీరో దొంగ అయితే మనకు ముద్దు. కానీ 1871లో బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కొన్ని తెగలను పుట్టుకతోనే నేరస్తులుగా రాసింది. ఆ పద్ధతి మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చాక ఎరుకలవాళ్ళను తెచ్చి ఉంచిన సెటిల్‌మెంట్ స్టువర్టుపురం. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో ఆ చట్టం పోయింది. ఊరి పేరుకు అంటిన మాట మాత్రం పోలేదు, దాని మీద సినిమాలు వస్తూనే ఉన్నాయి. నా షీట్లలో రోగ్‌కు "దొంగ" అనే రాశాను, దాని గురించి నాకు పెద్ద బాధ లేదు, అది చేసే పని పేరు. కానీ ఆ చట్టం ఏం చేసిందో చూడండి. ఒక పనిని తీసుకుని పుట్టుక కింద రాసింది. ఆట పుస్తకంలో క్లాస్ అనే గడి కూడా అదే పని చెయ్యగలదు, మనం చూసుకోకపోతే.

ఈ ఆటలో పేర్లతో చేసిన తెలివైన పని కూడా ఒకటి ఉంది. విజర్డ్, సోర్సరర్, వార్‌లాక్. మామూలు ఇంగ్లీషులో ఈ మూడింటికీ పెద్ద తేడా లేదు. 1974లో వార్‌లాక్, సోర్సరర్, విజర్డ్ అనేవి ఒకే మ్యాజిక్-యూజర్ ఎక్కే మెట్ల మీది బిరుదులు మాత్రమే. 2014 నాటి ఎడిషన్‌కు వచ్చేసరికి అవి మూడు వేర్వేరు జీవితాలయ్యాయి. విజర్డ్‌ది చదువుకుని సంపాదించిన శక్తి. సోర్సరర్‌ది రక్తంలో వచ్చిన శక్తి. వార్‌లాక్‌ది ఎవరితోనో ఒప్పందం చేసుకుని అప్పు తెచ్చుకున్న శక్తి. పాత ఇంగ్లీషులో వార్‌లాక్ అంటే మాట తప్పినవాడు అని అర్థం, ఒప్పందం కథకు ఆ అర్థం ఎంత బాగా సరిపోయిందో! పర్యాయపదాలు మూడు పడి ఉంటే వాటి మధ్య శక్తి ఎక్కణ్ణుంచి వస్తుందన్న ప్రశ్నను పెట్టారు. విమర్శకుడిగా నాకు ఈ జాబితాలో అన్నిటికంటే నచ్చిన భాగం ఇదే.

దీన్ని తెలుగులోకి తేబోతే మొదటి అడుగులోనే కాలు జారుతుంది. మనకు మాంత్రికుడు అనగానే 1951 నాటి పాతాళ భైరవిలో ఎస్వీ రంగారావు కళ్ళెదుట నిలబడతాడు. మాంత్రికుడు విలన్. హీరో తోట రాముడు, తోటమాలి కొడుకు. విఠలాచార్య సినిమాల్లోనూ, చందమామ కథల్లోనూ మాంత్రికుడి పక్షాన నిలబడి కథ చూడటం మనకు పెద్దగా అలవాటు లేదు. సరే, అది ఆటకు ఒకరకంగా మంచిదే, విలన్ చొక్కా వేసుకుని హీరో అవ్వడంలో మజా ఉంటుంది. కానీ వార్‌లాక్‌కు "చేతబడి" అన్న మాట తడితే, అక్కడ ఆగాలి. చేతబడి చేశారని, బాణామతి పెట్టారని అనుమానించి మన పల్లెల్లో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు మనం పేపర్లో చదివినవే. ఐరోపాలో మంత్రగత్తెలని జనాన్ని చంపిన కాలం వాళ్ళకు చరిత్ర పాఠం. మనకు జిల్లా ఎడిషన్.

నాకు అర్థమైన తేడా ఇది. ఇంగ్లీషు ఆట తీసుకున్న పేర్లలో చాలావాటికి సొంతదారులు ఇవాళ ఎదురుగా లేరు. షార్లమేన్ వీరులు వచ్చి టేబుల్ దగ్గర కూర్చోరు. తెలుగులో వృత్తి పేరు చాలాసార్లు కులం పేరు, ఆ పేరున్న మనిషి టేబుల్‌కు అవతలి వైపే చిప్స్ తింటూ ఉంటాడు. బార్డ్‌కు "భట్రాజు" అనుకున్నాను, అది కులం, పైగా "భట్రాజు పొగడ్తలు" అని ఒక తిట్టు కూడా. క్లెరిక్‌కు "పూజారి" అనుకున్నాను. ఆటలో ఎవరైనా క్లెరిక్ కావచ్చు. మన గుళ్ళలో ఎవరైనా పూజారి కాగలరా? దారులు కాచే యోధుడికి "దారికాపు" అని రాసి నాలిక్కరుచుకున్నాను. అసలు క్లాస్ అన్న మాటకే తెలుగు దొరకలేదు. తరగతి అంటే బడి, వర్గం అంటే పార్టీ ఆఫీసు, ఇక మిగిలిన మాట ఏమిటో మీకు తెలుసు.

నల్గొండ నుంచి వచ్చిన అమ్మాయి మా గుంపులో ఉంది. 1974 పుస్తకంలో ఫైటింగ్-మాన్ తొమ్మిదో లెవెల్‌లో లార్డ్ అవుతాడని, కోట కట్టుకుని చుట్టుపక్కల జనం దగ్గర పన్నులు వసూలు చేసుకోవచ్చని ఒకరోజు చెప్పాను. "అంటే దొర. నేనెందుకు దొరనైత? గడి మీదికి వొయ్యే ఆట పెట్టు, జెప్త" అంది. 1946 నుంచి 1951 దాకా సాయుధంగా పోరాడిన ఊళ్ళ నుంచి వచ్చిన మనిషికి లార్డ్ అన్న పదం బహుమతిగా వినిపించదు. ఒక్క అనువాదంతో ఆ నియమం కింద ఉన్న కోరిక బయటపడింది: బాగా ఆడితే చివరికి నువ్వూ దొరవే.

దీనికి ఇంగ్లీషు ఆటల్లోనే రెండు రకాల విరుగుళ్ళు ఉన్నాయి. ఒకటి 1986లో ఇంగ్లండ్‌లో వచ్చిన వార్‌హామర్ ఫ్యాంటసీ రోల్‌ప్లే. అందులో క్లాసుల బదులు కొలువులుంటాయి, వాటిలో ఎలుకలు పట్టేవాడు, సమాధులు తవ్వి దోచేవాడు, బిచ్చగాడు, పడవ నడిపేవాడు కూడా ఉంటారు. ఎలుకలు పట్టేవాడికి ఒక చిన్న, కోపిష్టి కుక్కను కూడా ఇస్తారు. ముఖ్యమైన సంగతి, ఆ కొలువులో ఉండిపోనక్కర్లేదు. ఒక కొలువు పూర్తిచేసి ఇంకోదానికి వెళ్ళొచ్చు. పేరు బురదదే, కానీ తలుపు తెరిచే ఉంటుంది. వృత్తిని పుట్టుక నుంచి విడదీసే నియమం అది, అందుకే ఆ మురికి పేర్లు అవమానంగా వినిపించవు.

రెండోది 2010 నాటి అపోకలిప్స్ వరల్డ్, 2017 నాటి బ్లేడ్స్ ఇన్ ది డార్క్ లాంటి ఆటలది. మొదటిదాంట్లో వైద్యం చేసేవాళ్ళ పేరు ఏంజెల్. రెండోదాంట్లో కట్టర్, హౌండ్, లీచ్, లర్క్, స్లైడ్, స్పైడర్, విస్పర్. లోకంలో ఎవరూ విస్పర్‌గా పుట్టలేదు కాబట్టి ఎవరి మీదా నింద లేదు. ఆడా మగా తేడా కూడా లేదు. తెలుగులో అది చిన్న విషయం కాదు, మనకు వీరుడు, మాంత్రికుడు, యోధుడు అంటూ "డు" దగ్గరే సగంమంది బయట నిలబడిపోతారు. అయితే ఈ పేర్లతో నాకు ఒక అసంతృప్తి ఉంది. స్లైడ్ అంటే ఏమిటో పేజీ చదివితే గానీ తెలియదు. బాగా ఉతికి ఇస్త్రీ చేసిన పేర్లివి, ఎవరి ఇంటి వాసనా రాదు. అన్ని పేర్లూ ఇలా కడిగేస్తే మన ఫ్యాంటసీలో చెమట పట్టే మనుషులే మిగలరు.

ఈ మాట కూడా నాకు కర్నూలు మిత్రుడే నేర్పాడు. మరుసటి ఆదివారం సర్దుకుంటూ "పేరు మార్చేస్తాను, వేటగాడు అని పెడదాం" అన్నాను. "తీసెయ్యమని నేనెప్పుడంటి? అంకె మార్చు" అన్నాడు. షీటు తనే తీసుకుని 8ని కొట్టేసి తెలివి దగ్గర 15 వేసుకున్నాడు, ఆ 8ని ఆకర్షణకు పంపాడు. "సిటీలో ఎవురితో మాట్లాడల్లన్నా వానికి చిరాకు, అంతే" అన్నాడు. మూడో వారం ఒక గుహలో గోడ మీది లిపిని చదివింది ఆ బోయే. అడవిలో గుర్తులు చదివేవాడికి గోడ మీది గుర్తులు చదవడం ఎంతసేపు అని అతని వాదన. పాచిక పడకముందే నేను ఒప్పేసుకున్నాను.

కాబట్టి మంచి పేరు వెతకడమే సమస్య అనుకున్నంతకాలం నేను తప్పుచోట వెతికాను. పేరును దాని కింద ఉన్న అంకెతో, అంకె రాసిన చేతితో కలిపి చదవాలి. ఆ పేరున్న మనిషి చేతిలో కలం ఉంటే బోయ గొప్ప క్లాసు పేరు. నా చేతిలో ఉన్నప్పుడు అది నాకు తెలియకుండానే ఒక పాత రిజిస్టరులోని పేజీ అయ్యింది. ఈ ఆటను అచ్చువేసేవాళ్ళు కూడా 2024 పుస్తకంలో రేస్ అన్న మాటను స్పీషీస్‌గా మార్చారు, బలం తెలివి లాంటి అంకెలకు కలిసే అదనాన్ని పుట్టుక నుంచి తీసి పాత్ర గడిపిన జీవితానికి ఇచ్చారు. మాట మార్చినందుకు కాదు, అంకె కదిలించినందుకు ఆ మార్పును నేను మెచ్చుకుంటాను.

ఇప్పుడు మా షీట్ల మీద క్లాస్ అన్నచోట "పని" అని ఉంటుంది. విజర్డ్ "చదువరి". బార్బేరియన్ "మొండి", చదువొచ్చిన మొండి. రోగ్‌కు దొంగ కొట్టేసి "చేతివాటం" అని పెట్టింది నల్గొండ అమ్మాయి, నాకు ముందు తట్టనందుకు కాస్త అసూయ పడ్డాను. బార్డ్ "గొంతు". వార్‌లాక్ "తాకట్టు", తనను తానే కుదువబెట్టుకున్న మనిషి కదా. పాలడిన్ "మొక్కు". రేంజర్ షీటు మీద "అడుగుజాడ" అని అచ్చులో ఉంటుంది, మిత్రుడి షీటు మీద మాత్రం పెన్నుతో "బోయ" అని ఉంటుంది.

సోర్సరర్ గడి ఇంకా ఖాళీగానే ఉంది. పుట్టుకతోనే, రక్తంలోనే వచ్చిన శక్తి అన్న ఆలోచనకు మన దగ్గర మాటలు లేక కాదు. ఉన్నవన్నీ రాసుకుని చూశాను, ఏ మాట చదివినా ఆ శక్తి అందనివాళ్ళు ఎవరో కూడా వెంటనే గుర్తొస్తున్నారు. ఆ క్లాసు ఎవరైనా అడిగితే, పేరు వాళ్ళనే పెట్టుకోమంటాను. అంకెలు మాత్రం అందరం కలిసి కూర్చుని వేస్తాం.